వరుణుడి విల్లు

జంషెడ్‌పూర్ కద్మాలో ఒక తెలుగింట్లో, మంచం అంచున కూర్చున్నారు మీరు. కింద చాప మీద ల్యాప్‌టాప్. దాని ముందు పదో తరగతి పిల్ల, కంట్రోలర్ పట్టుకుని ఊపిరి బిగబట్టి ఉంది. తెర మీద రాజీ అనే అమ్మాయి పరుగెడుతోంది. పుణెకి చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ వాళ్లు 2020లో విడుదల చేసిన ఆట ఇది. రాక్షసులు ఎత్తుకుపోయిన తమ్ముణ్ణి రాజీ వెతుక్కుంటోంది.

"తాతయ్యా, శార్ఙ్గం దొరికింది!"

శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడి కార్ఖానాలోనే రిటైరైన తాతయ్య కళ్లజోడు సర్దుకుని ముందుకి వంగారు.

"విష్ణుమూర్తి విల్లమ్మా అది. పరశురాముడి దగ్గర తీసుకుని రాముడు ఎక్కుపెట్టాడు. పని కాగానే వరుణుడి చేతిలో పెట్టేశాడు."

"ఎందుకూ?"

"తనది కాదు గనక."

పిల్ల బటన్ నొక్కి పట్టుకుంది. తెర మీద నారి సాగింది, బరువన్నదే లేకుండా. పొద్దున జేఆర్‌డీ టాటా స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లో మీరు చూసిన నారి అలా లేదు. అది గడ్డానికీ ముక్కుకీ ఆనుకుని ఆగింది, భుజం కండ వణికింది, బాణం మొన అంగుళంలో పదో వంతు వెనక్కి జరిగేసరికి విల్లుకి బిగించిన క్లిక్కర్ టిక్‌మంది, వేళ్లు వదిలేశాయి. లక్ష్యం 70 మీటర్ల దూరం. పది పాయింట్ల పసుపు వలయం అడ్డం 12.2 సెంటీమీటర్లే. 1996లో మొదలైన టాటా ఆర్చరీ అకాడమీ ఉన్నది అక్కడే. రాంచీ దగ్గర ఆటో నడిపే తండ్రికి పుట్టి, వెదురు విల్లుతో మొదలుపెట్టిన దీపికా కుమారి 2008లో చేరిందీ ఆ అకాడమీలోనే.

తాతయ్య కథ ఇప్పుడు అర్జునుడి విల్లు గాండీవం దగ్గరికి వచ్చింది. ఖాండవ దహనం కోసం అగ్ని అడిగితే వరుణుడే తెచ్చి అర్జునుడికి ఇచ్చాడు, తరగని అమ్ములపొదులతో సహా. మహాప్రస్థానంలో అగ్ని మళ్లీ ఎదురొచ్చి అడిగాడు. అర్జునుడు నీళ్లలో వేసేశాడు.

"మరి ఈ ఆటలో ఎప్పుడిచ్చేస్తారు?"

"ఇవ్వరు తాతయ్యా. ఇంకో ఆటలో ఇంకొకరికి దొరుకుతుంది."

నిజమే. జపాన్‌లో 2002లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 11లో రేంజర్ పాత్రలో ఆడేవాళ్లు గాండీవం కోసం ఎంతో శ్రమపడతారు. దానితో వేసే దెబ్బకి జిష్ణువు పేరు పెట్టారు. జిష్ణువంటే అర్జునుడే. అంత లోతుగా చదివినవాళ్ల మీద నాకు గౌరవం ఉంది. కానీ అర్జునుడి కథలో నన్ను కదిలించేది బాణాల జడి కాదు, ఆ విల్లు వదలలేక వదిలిన ఘడియ. ఆటగాడి చేతే గాండీవాన్ని నీళ్లలో వేయించే ఆట ఒకటి రావాలి. ఏళ్ల తరబడి కష్టపడి సంపాదించిన ఆయుధం మీద వేలు పెట్టి, వదిలెయ్యమని నొక్కాలి. ఆ బటన్ దగ్గర ఎంతసేపు ఆగుతామో చూడాలి.

పిల్ల అయితే ఇంకా ఒప్పుకోలేదు. ఇంత కష్టపడి తెచ్చుకున్న విల్లు ఎందుకివ్వాలంటూ తాతయ్యతో వాదిస్తూనే ఉంది.