ఉరికొయ్య ముందు ఊరడింపు

ఉరిశిక్ష పడినవాడికి చివరి రోజుల్లో మతబోధకు వీలు కల్పించడం జైలు చూపే దయ అని మనలో చాలామంది నమ్ముతారు. ఖైదీ కోరితే అతని మతగురువును లోపలికి రానిచ్చే పద్ధతి మన జైళ్లలో బ్రిటిష్ కాలం నుంచీ ఉంది. కోరినవాడికి కాదనమని నేననను. మృత్యువు ముందు మనిషి దేన్ని పట్టుకుంటాడో నిర్ణయించే హక్కు హేతువాదికీ లేదు. కాని ఆ ఊరడింపు ఎవరి పక్షాన నిలుస్తుందన్నది అడగవలసిన ప్రశ్న.

2014 జనవరిలో శత్రుఘ్న చౌహాన్ కేసులో సుప్రీంకోర్టు, క్షమాభిక్ష తిరస్కరించిన కబురు అందాక ఉరికి కనీసం పద్నాలుగు రోజుల గడువుండాలని చెప్పింది. దానికి చూపిన కారణాల్లో ఖైదీ మానసికంగా సిద్ధపడడం, దేవుడితో సమాధానపడడం, వీలునామా రాసుకోవడం, అయినవాళ్లను కడసారి చూడడం ఉన్నాయి. తీర్పు మానవీయమైనదే, అది కొందరి ప్రాణాలు కాపాడింది కూడా. అయినా సమాధానపడవలసింది ఖైదీయేనా? చంపబోయే రాజ్యానికి ఆ అవసరం లేదా?

రాజ్యానికి కావలసింది నిశ్శబ్దమైన చావు. జార్జ్ ఆర్వెల్ 1931లో రాసిన 'ఎ హ్యాంగింగ్' చదివినవారికి ఇది బోధపడుతుంది. బర్మా జైల్లో ఒక హిందూ ఖైదీ మెడకు ఉరి తగిలించాక, ముసుగులోంచి ఆగకుండా రామనామం పిలుస్తూనే ఉంటాడు. చుట్టూ నిలబడిన అధికారుల ముఖాలు పాలిపోతాయి. ఎంత త్వరగా ఆ ధ్వని ఆగిపోతే అంత బాగుండుననుకుంటారు. ఖైదీని అణిచే ప్రార్థన జైలుకు సమ్మతం. అధికారి గుండెను కుదిపే ప్రార్థన మాత్రం ధ్వనికాలుష్యం! కామూ 'ది స్ట్రేంజర్' నవల (1942) లో ఖైదీ మూడుసార్లు వద్దన్నా మతాచార్యుడు గదిలోకి వస్తాడు. పిలవని ఊరడింపు బలప్రయోగమేనని ఆ ఘట్టం చెబుతుంది.

దీనికి భిన్నమైన సంభాషణ 1930 అక్టోబరులో లాహోరు జైల్లో జరిగింది. గదర్ ఉద్యమంలో పాల్గొని ఏళ్ల తరబడి జైళ్లలో మగ్గిన బాబా రణధీర్ సింగ్, తీర్పు కోసం ఎదురుచూస్తున్న భగత్ సింగ్‌కు దైవవిశ్వాసం కలిగించాలని ప్రయత్నించారు. ఫలించలేదు. అహంకారం వల్లనే దేవుణ్ణి కాదంటున్నావన్న మాటకు జవాబుగా 'నేను నాస్తికుణ్ణి ఎందుకయ్యాను' పుట్టింది. బోధించినవాడూ సంకెళ్లు తెలిసినవాడే. విన్నవాడికి ఎదురుచెప్పే స్వేచ్ఛ ఉంది. ఇద్దరిలో ఎవరి చేతిలోనూ జైలు తాళాలు లేవు. నీతి అంతా అక్కడుందని నా ఉద్దేశం.

మా నిజామాబాదు ఖిల్లా ఇలాంటి ఆలోచనకు తగిన చోటు. ఒకే గుట్ట మీద రఘునాథాలయం, జైలు. గుడిని సమర్థ రామదాసు కట్టించాడంటారు. నిజాం పాలన చివరి రోజుల్లో ఆ జైల్లో దాశరథి కృష్ణమాచార్య బొగ్గుముక్కతో గోడల మీద పద్యాలు రాశాడు. ఆయనతోపాటు ఖైదులో ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామి జైలు జీవితంలో మామూలు నేరస్థులను గమనించాడు. వాళ్లను ఉద్ధరించాలని కాదు, ఏ పరిస్థితులు వాళ్లనక్కడికి తెచ్చాయో తెలుసుకోవాలని. 'జైలు లోపల' కథలు ఆ పరిశీలన ఫలితం. మన సాహిత్యంలో ఖైదీకి దక్కిన నిజమైన ఊరడింపు అదేనేమో.

మా జిల్లా నుంచి గోదావరి దాటితే ఆదిలాబాదు. అక్కడి రైతాంగ పోరాటం నుంచి వచ్చిన భూమయ్య, కిష్టాగౌడ్‌లకు భూస్వామి హత్య కేసులో మరణశిక్ష పడింది. 1951లో తెలంగాణ సాయుధ పోరాట ఖైదీల పక్షాన డి.ఎన్. ప్రిట్ ఇంగ్లండు నుంచి వచ్చి వాదించాడు. ఆ శిక్షలు చివరికి యావజ్జీవమయ్యాయి. భూమయ్య, కిష్టాగౌడ్‌ల కోసమూ దేశమంతటా గొంతులు లేచాయి. కాని ఎమర్జెన్సీ వచ్చింది. 1975 డిసెంబరు 1న ముషీరాబాదు జైల్లో ఇద్దరినీ ఉరితీశారు. జైలు పోయి ఆ స్థలంలో ఇప్పుడు గాంధీ ఆసుపత్రి ఉంది. వాళ్లు తమ కళ్లు దానం చేయమన్నారని విప్లవ సాహిత్య వర్గాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

బోధన్ చెరకు పల్లెల నుంచి వచ్చే నా విద్యార్థులకు ఈ చరిత్ర చెప్పేటప్పుడు నన్ను ఒక విషయం కలవరపెడుతుంది. వాళ్ల మీద మనం రాసుకున్న స్మృతి సాహిత్యంలో భయం దాదాపు కనపడదు. నవ్వుతూ వెళ్లారనాలి, నినాదమిస్తూ వెళ్లారనాలి. మతగురువు ఖైదీని పశ్చాత్తాపపడమంటాడు, మనం వీరుడివి కమ్మంటాం. అతని చావు మనకు ఏదో ఒక రూపంలో పనికిరావాలనే కోరిక రెండింటిలోనూ ఉంది. రైతుకూలీ ఆ రాత్రి వణికి ఉంటే, తల్లిని తలచుకుని ఉంటే అతని త్యాగం తగ్గుతుందా? ఆ రాత్రిని రాయగలిగిన తెలుగు కథ కోసం నేనింకా ఎదురుచూస్తున్నాను.

వీరులు కానివాళ్ల సంగతి ఇంకా కఠినం. 1993లో చిలకలూరిపేట దగ్గర బస్సు దహనంలో 23 మంది చనిపోయారు. ఉరిశిక్ష పడిన ఇద్దరు దళిత యువకులను అమరులనడానికి వీల్లేదు. కాలిపోయినవాళ్ల పేదరికం, వీళ్ల పేదరికం ఒక్కటే. అయినా పౌరహక్కుల కార్యకర్తలు, రచయితలు వాళ్ల కోసం నిలబడ్డారు. 1997లో ఉరి ఆగింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ శిక్షను యావజ్జీవంగా మార్చారు. వాళ్లను చావుకు సిద్ధం చేయవలసిన పని ఎవరికీ పడలేదు.