జీ-9లో తొమ్మిది లేదు
అనంతపురం, పులివెందుల వైపు టిష్యూ కల్చర్ అరటి మొక్కలకు వెళ్తే ముందు వినపడే పేరు ‘జీ-9’. మరి జీ-8 ఏదని ఓ పెద్దాయన అడిగితే నర్సరీ కుర్రాడు తెల్లమొహం వేశాడు. పాపం, వాడేం చెబుతాడు? ఈ రకానికీ తొమ్మిదికీ సంబంధమే లేదు. అసలు పేరు ఫ్రెంచివాళ్లది, ‘గ్రాండ్ నెన్’. గ్రాండ్ అంటే పెద్ద, నెన్ అంటే పొట్టిది. వెరసి పెద్ద పొట్టిది! కావెండిష్ అరటుల్లో మరీ పొట్టి రకంకన్నా ఎత్తు, పొడుగు రకాలకన్నా పొట్టి కాబట్టి ఆ పేరు. ఇంగ్లిషు అలవాటైన మన నోళ్లలో నెన్ కాస్తా నైన్ అయి, రాతలో అంకెగా స్థిరపడింది. నెన్ మాటకు మూలం మరుగుజ్జు అనే అర్థమున్న గ్రీకు ‘నానోస్’. టాటా వారి నానో కారు, రైతులు చల్లే నానో యూరియా దాని చుట్టాలే. తమాషా ఏమిటంటే, కావెండిష్ కుటుంబంలోని పొట్టి రకాన్ని మనవాళ్లు ఏనాడో ‘వామనకేళి’ అన్నారు. ఇక్కడ కేళి అంటే ఆట కాదు. సంస్కృత కదళి ప్రాకృతంలో అరగ్గా మిగిలిన రూపం. చక్కెరకేళిలో ఉన్నదీ అదే. దాన్ని ‘చక్రకేళి’ అని రాసేవాళ్లు పేరులోని తీపంతా పిండేశారు. అరటి టిష్యూ కల్చర్ ల్యాబుకు వెళ్లినా చెక్కుచెదరని మాట పిలక: సీసాల్లో చక్కెర కలిపిన అగర్ జెల్లీ మీద పెంచి వేల మొక్కలు చేసేది మంచి తల్లిచెట్టు పిలక మొవ్వులోంచి కోసిన చిన్న ముక్కనే. నర్సరీవాళ్లు జీ-9 అంటే అననివ్వండి. బిల్లు మీద మాత్రం రకం పేరు పూర్తిగా రాయించుకోండి.