చర్మమున రాచపుండు: ఆనవాలు వెదకిన కథ

ఉరవకొండకు ఆ పేరు అచ్చటి కొండవలన వచ్చినదని పెద్దలు చెప్పుదురు. పడగ విప్పిన పామువలె నుండుటచే అది ఉరగకొండ యనబడి, క్రమముగా ఉరవకొండ యయ్యెనట. పాము కుబుసము విడుచుట అందరెరిగినదే. మనుష్యుడును దినదినము కుబుసము విడుచుచునే యున్నాడు. మేని పైపొరయందలి మృతకణములు రాలిపోవును. అడుగుపొరయందలి కణములు చీలి క్రొత్తవానిని పైకి పంపును. ఈ క్రమము కట్టుదప్పినపుడు చర్మమున రాచపుండు, అనగా కాన్సరు, పుట్టును.

దాని కారణములను వైద్యులు మొదట మానవుల వృత్తులలోను, అలవాటులలోను వెదకిరి. లండనులో పెర్సివాల్ పాట్ అను శస్త్రవైద్యుడు, పొగగొట్టములు ఊడ్చువారికి వచ్చు చర్మపు కాన్సరునకు మసియే కారణమని 1775లో తెలిపెను. మన దేశమున ఖనోల్కరు, సూర్యాబాయి గారలు 1945లో పంచె కాన్సరును వర్ణించిరి. నడుమునకు బిగించిన పంచె ఏండ్ల తరబడి ఒకేచోట ఒరయుటచే కలుగు వ్యాధి యిది. పావడబొందు ఒరిపిడివలన స్త్రీలకును ఇట్టిది వచ్చుటను తరువాతి వైద్యులు గుర్తించిరి. ఎండలో వేరుసెనగ చేలయందు చెమటోడ్చు మన సీమవారికి ఈ కట్టుబట్టలు పరాయివి కావు.

అయినను ఒరిపిడి మచ్చలన్నియు కాన్సరుగా మారవు. ఏది మచ్చగనే నిలుచును? ఏది ముదురును? దీనికి ఉత్తరమును కణము లోపల వెదకవలసి వచ్చెను.

కణమునందలి క్రోమోజోముల కొనలకు హెర్మన్ ముల్లర్ 1938లో టెలోమియరులని పేరిడెను. బట్ట కొసపోగులు విడిపోకుండ నేతగాండ్రు వేయు ముడులవలె అవి క్రోమోజోములను కాపాడును. సాధారణ మానవకణములు కొన్ని పర్యాయములు మాత్రమే చీలి ఆగిపోవునని హేఫ్లిక్, మూర్‌హెడ్ 1961లో చూపిరి. చీలినప్పుడెల్ల ఈ కొనలు తరుగుటయే అందులకు ముఖ్యకారణమని పిదప తేలెను. తరిగిన కొనలను మరల పెంచు టెలోమరేజును ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, ఆమె శిష్యురాలు కెరోల్ గ్రైడర్ 1984లో ఒక చెరువునీటి సూక్ష్మజీవియందు కనుగొనిరి. జాక్ షోస్టాక్‌తో కూడ వారికి 2009లో నోబెల్ బహుమానము లభించెను.

పెక్కు కాన్సరులలో టెలోమరేజు మేల్కొనియుండుననియు, చాలభాగము ఆరోగ్యకణజాలములలో అది కానరాదనియు 1994లో వెల్లడి యయ్యెను. ఇక ఆనవాలు దొరకినదని పలువురు సంతోషించిరి. కాని చర్మము వేరొక మాట చెప్పెను. ఆరోగ్యముగ నున్న చర్మపు అడుగుపొరయందును టెలోమరేజు కలదని జర్మనీలో హెర్లె-బాఖోర్, బూకాంప్ 1996లో కనుగొనిరి. నిత్యము కుబుసము విడుచు పొరకు అది అవసరమే గదా! కావున అది యుండుటయే దోషమునకు సాక్ష్యము కాజాలదు.

2013లో మెలనోమా యను నల్లకంతులు డెబ్బదింటిని పరీక్షింపగా, 50 కంతులలో టెలోమరేజును మేల్కొలుపు జన్యుభాగమున మార్పులు కనబడెను. అయితే నల్లని మేనివారిలో ఈ వ్యాధి తరచు అరికాలిని ఆశ్రయించును. అచ్చటి కంతులలో ఈ మార్పులు అంత తరచుగ నుండవు.

కావున టెలోమరేజు ఒక సాక్షియే గాని న్యాయాధిపతి కాదు. తీర్పు చెప్పవలసినది నేటికిని చర్మపు ముక్కను సూక్ష్మదర్శినిలో చూచు వైద్యుడే. ఆ ముక్క ఆతనికి సకాలమున చేరుట రోగి చేతిలోనున్నది. నడుము కట్టుచోట గాని, పాత కాలినమచ్చపై గాని, అరికాలియందు గాని పుండు వారములు గడచినను మానకున్న, దానిని పసరులతో కప్పి దాచరాదు. తొలిదశలో కోసి తీసివేసిన, చర్మపు కాన్సరులలో పెక్కు నయమగును.