క్యూ పట్టే హక్కు

స్నూకర్ అంటే మన ఇళ్లలో మగపిల్లల షౌక్. రాత్రి ఆలస్యంగా వచ్చిన కొడుకు మీద అమ్మీ గుస్సా, అంతే మనకు గుర్తొచ్చేది. కానీ ఈ ఆటలో ఆడవాళ్ల తారీఖ్ కూడా ఉంది. అది వినదగ్గ ఖిస్సా.

ఆట పుట్టింది మన ముల్క్‌లోనే. 1875లో జబల్‌పూర్‌లో నెవిల్ చాంబర్లేన్ అనే ఇంగ్రేజ్ ఫౌజీ అఫ్సర్ దీన్ని మొదలుపెట్టాడంటారు. మెస్సులో మగవాళ్ల మెహఫిల్ అది. విలాయత్ చేరాక కూడా ఆ తీరు పోలేదు. 1978లో వేక్‌ఫీల్డ్‌లో ఒక కార్మికుల క్లబ్బు, ఆడవాళ్లు స్నూకర్ ఆడకూడదని మనాయీ పెట్టింది. అప్పటిదాకా అక్కడే ఆడుతున్న షీలా కాప్‌స్టిక్ ఖామోష్‌గా ఇంటికి పోలేదు. క్యూ పట్టే హక్కు ఆడవాళ్లకూ ఉందంటూ ఉద్యమం లేపింది. అలాంటి క్లబ్బుల యూనియన్ ఆడవాళ్లకు బరాబర్ హక్కులిచ్చింది ఎప్పుడో తెలుసా? 2007లో!

ఇజాజత్ కోసం కూర్చుంటే ఆట ఉండేది కాదు. 1976లోనే మిడిల్స్‌బ్రోలో ఆడవాళ్ల ప్రపంచ పోటీ మొదలైంది. మ్యూరియల్ హేజల్‌డైన్‌ను ఓడించి వేరా సెల్బీ గెలిచింది. 1981లో ఆమె మళ్లీ గెలిచేనాటికి ఉమర్ 51. 1987లో గెలిచిన ఆన్ మేరీ ఫారెన్‌కు 16. క్యూకు ఉమర్‌తో పని లేదు.

పైసాతో మాత్రం పని ఉంది. ఏడుసార్లు గెలిచిన ఆలిసన్ ఫిషర్ 1995లో స్నూకర్ వదిలి, పూల్ ఆడి రోజీ సంపాదించుకోవడానికి అమెరికా వెళ్లిపోయింది. 1998 నుంచి ఆడవాళ్ల ఫైనల్ షెఫీల్డ్‌లో, మగవాళ్లు ఆడే క్రూసిబుల్ థియేటర్‌లోనే జరిగేది. 2003 తర్వాత ప్రొఫెషనల్ సంఘం చేయి వదిలేసింది. 2004లో పోటీయే లేదు.

దర్వాజా బంద్ అయిందనుకున్నారు. 2005లో పోటీ మళ్లీ మొదలైంది. ఇంగ్లండ్‌కు చెందిన రియాన్ ఎవాన్స్ అప్పటి నుంచి వరుసగా పదేళ్లు, మొత్తం 12 సార్లు గెలిచింది. ఆమె వరుసను 2015లో హాంకాంగ్‌కు చెందిన ఇంగ్ ఆన్‌యీ ఆపింది. 2022, 2023లలో కప్పు థాయ్‌లాండ్‌కు, 2024, 2025లలో చైనాకు వెళ్లింది.

మరి ఆట పుట్టిన ముల్క్ మాటేమిటి? 2017లో సింగపూర్‌లో మన విద్యా పిళ్లై ఫైనల్‌కు చేరింది. ఇంగ్ ఆన్‌యీ చేతిలో 5-6తో ఓడింది. ఒక్క ఫ్రేమ్ ఫరక్. జబల్‌పూర్ మెస్సు నుంచి అక్కడిదాకా 142 ఏళ్లు.

బేటాకు క్లబ్బు ఫీజు కట్టే అబ్బాజాన్‌లను అడుగుతున్నా. బేటీ కూడా ఆడతానంటే మీ జవాబేమిటి? షీలా కాప్‌స్టిక్ క్లబ్బుల్లా 29 ఏళ్లు ఇంతెజార్ చేయమంటారా?