సముద్రం ముందర 11 నెలలు

ముంబైలో మెరీన్ డ్రైవ్ మీదనో, వర్లీలోనో సముద్రానికి ఎదురుగా ఉన్న విలాసవంతమైన ఫ్లాటును నెలకు లక్షల రూపాయలిచ్చి కొద్దికాలానికి తీసుకునే మనిషి, చట్టం దృష్టిలో అద్దెదారు కాడు. అతడు సంతకం చేసే పత్రం పేరు ‘లీవ్ అండ్ లైసెన్స్’. యజమాని అనుమతితో అక్కడ ఉంటున్నవాడు, అంతే. ఆ ఇంటి మీద అతడికి ఎలాంటి హక్కూ సంక్రమించదు. ఈ ‘లైసెన్సు’ను నిర్వచించినది 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం. ఒకరి స్థలంలో, వారి సమ్మతి లేకపోతే తప్పయ్యే పనిని, సమ్మతితో చేసుకోవడమే దాని అర్థం. పక్కవాడి పెరట్లోంచి నడిచి వెళ్లడం వంటి చిన్నపాటి సర్దుబాట్లకు సరిపోయే ఆ భావన దేశంలోకెల్లా ఖరీదైన ఇళ్లకు ఆధారం కావడం వెనుక వందేళ్ల రాజకీయం ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బొంబాయి మిల్లులకు జనం పోటెత్తారు. అద్దెలు చేయి దాటిపోవడంతో 1918లో వలస ప్రభుత్వమే వాటికి కళ్లెం వేస్తూ చట్టం తెచ్చింది. ఆ వెంటనే, గవర్నర్ జార్జ్ లాయిడ్ హయాంలో బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ ఏర్పడింది. ఒకే శాఖ రెండు పనులు తలకెత్తుకుంది. ఒకటి, బ్యాక్‌బేలో సముద్రాన్ని పూడ్చి కొత్త నేల సృష్టించడం. రెండు, వర్లీ, నాయ్‌గావ్ వంటి చోట్ల కార్మికులకు ఒంటిగది చాల్‌లు కట్టడం. పూడ్చిన నేల మీద 1930లలో, 40లలో మెరీన్ డ్రైవ్ ఆర్ట్ డెకో భవనాలు లేచాయి. వర్లీ చాల్‌ల చుట్టుపక్కలకు తెలంగాణ నుంచి మగ్గం వదిలి మిల్లుకు చేరిన పద్మశాలి కుటుంబాలు వచ్చాయి.

1947 నాటి బొంబాయి అద్దెల చట్టం ఈ రెండు ప్రపంచాలనూ ఒకే గాటన కట్టింది. 1940 సెప్టెంబరు 1 నాటి అద్దెనే ప్రామాణికంగా స్థిరపరిచింది. అద్దెదారు మరణిస్తే ఇంట్లో ఉన్న కుటుంబ సభ్యుడికి ఆ హక్కు దక్కింది. మెరీన్ డ్రైవ్ భవనాలు కూడా చాలావరకు అద్దెల కోసం కట్టినవే కావడంతో, గిర్గావ్‌లో ఒంటిగదిలో ఉన్న కార్మికుడికి దక్కిన రక్షణే సముద్రం కనిపించే ఫ్లాటులోని సంపన్నుడికీ దక్కింది. పేదవాడి కోసం తెచ్చామని చెప్పే చట్టాల నీడన మొదట కూర్చునేది ఎవరన్నది మనకు కొత్త విషయమేమీ కాదు. యజమానులు మరమ్మతులు మానేశారు. చట్టం ఒప్పుకోకపోయినా ‘పగ్డీ’ పేరుతో పెద్ద మొత్తాలు చేతులు మారాయి. భవనాలు కూలడం మొదలైంది. 1969లో ప్రభుత్వమే సెస్సు వసూలు చేసి మరమ్మతులు చేయించే బోర్డును నెలకొల్పవలసి వచ్చింది.

అద్దెదారును ఖాళీ చేయించడం అసాధ్యమైనప్పుడు, అసలు అద్దెదారే లేకుండా చేసుకోవడం యజమానులకు తోచిన ఉపాయం. ఇంటిని అద్దెకు ఇవ్వరు, ‘లైసెన్సు’ ఇస్తారు. ఇక్కడ ఒక తెలుగు న్యాయమూర్తిని తలచుకోవాలి. ఢిల్లీలోని ఇంపీరియల్ హోటల్ గదుల వివాదంపై 1959లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో కోకా సుబ్బారావు ఒక గీటురాయి పెట్టారు. పత్రానికి పెట్టిన పేరును కాదు, దాని సారాన్ని చూడాలన్నారు. నిజమైన ఉద్దేశం ఏమిటి, స్థలం ఎవరి పూర్తి స్వాధీనంలో ఉంది అని అడగాలన్నారు. ఆ గీటురాయి మీద రుద్దితే ముంబై లైసెన్సుల్లో ఎన్ని నిలుస్తాయో చెప్పనక్కర్లేదు.

1973లో మహారాష్ట్ర శాసనసభ ఆ పని తానే చేసింది. ఆ ఏడాది ఫిబ్రవరి 1 నాటికి అమలులో ఉన్న లైసెన్సుతో ఇంట్లో ఉన్నవారిని అద్దెదారులుగా ప్రకటించింది. రాత్రికి రాత్రి అతిథులు శాశ్వత నివాసులయ్యారు. యజమానులు నేర్చుకున్న పాఠం మాత్రం వేరు. కొందరు ఫ్లాట్లకు తాళాలు వేసుకున్నారు. మరికొందరు వ్యక్తులను కాదని కంపెనీలను, విదేశీ దౌత్య కార్యాలయాలను వెతుక్కున్నారు. విలాస గృహాన్ని కంపెనీ పేరిట తీసుకుని అందులో అధికారిని ఉంచే పద్ధతి అలా స్థిరపడింది.

దశాబ్దాల కిందటి అద్దెను అలాగే గడ్డకట్టించడం ఇక సమంజసం కాదని 1997 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. చట్టం గడువు ఎలాగూ ముగియనుందని దాన్ని కొట్టివేయలేదు. దాని స్థానంలో వచ్చిన 1999 నాటి మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం 2000 మార్చి 31న అమలులోకి వచ్చింది. దాన్ని జాగ్రత్తగా చదివితే రాజీ బేరం కనిపిస్తుంది. పాత అద్దెదారుల జోలికి పోలేదు. దక్షిణ ముంబైలో వారి ఓట్లు తక్కువేమీ కాదు. పగ్డీని చట్టబద్ధం చేసింది. బ్యాంకులను, బహుళజాతి సంస్థలను, కోటి రూపాయలు, ఆపైన చెల్లింపు మూలధనమున్న కంపెనీలను అద్దె రక్షణ నుంచి తప్పించింది. కొత్తగా వచ్చే మనిషికి మిగిలింది లైసెన్సు. గడువు ముగిశాక కదలకపోతే రెట్టింపు రుసుము కట్టాలి. ఖాళీ చేయించే అధికారం మామూలు సివిల్ కోర్టుకు కాక, ప్రత్యేక అధికారికి అప్పగించారు.

ఇక 11 నెలల సంగతి. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెప్పడంతో హైదరాబాదు నుంచి ఢిల్లీ దాకా అందరూ 11 దగ్గర ఆగుతారు. మహారాష్ట్రలో గడువు ఎంతైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. చేయించని యజమానికి మూడు నెలల వరకు జైలు పడే వీలుంది. అంటే అక్కడ ఆ అంకెకు చట్టపరమైన కారణం పోయింది, అలవాటు మిగిలింది.

లక్షలు చెల్లించగల అధికారికి ఈ ఏర్పాటుతో పెద్ద నష్టం లేదు. ఒక ఇల్లు పోతే మరొకటి దొరుకుతుంది. కానీ అదే పత్రం మీద విరార్‌లో, కల్యాణ్‌లో ఒంటిగదుల్లో ఉన్నవారూ సంతకాలు పెడుతున్నారు. ఒకనాడు కార్మికుడి రక్షణ సంపన్నుడికి పాకింది. ఇప్పుడు సంపన్నుడి అతిథి ఒప్పందం కార్మికుడి దాకా దిగింది. లాక్‌డౌన్ వేళ, 2020 మార్చి 29న, కూలీల నుంచి నెలరోజుల పాటు అద్దె అడగరాదని కేంద్ర హోంశాఖ ఉత్తర్వు జారీ చేసింది. కాగితం మీద గట్టి ఉత్తర్వే. అప్పటికే జనం సామాను నెత్తిన పెట్టుకుని రహదారులు పట్టారు. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇళ్లకు డిపాజిట్‌ను రెండు నెలల అద్దెకు పరిమితం చేసింది. ఇంటి అద్దెలు రాష్ట్రాల పరిధిలోనివి గనుక దాన్ని అమలు చేయాలా వద్దా అన్నది వాటి ఇష్టం.

2025 ఆగస్టులో వర్లీ చాల్‌ల నివాసులలో తొలి విడత వారికి కొత్త టవర్లలో సొంత ఫ్లాట్ల తాళాలు అందాయి. వందేళ్ల కిందట లాయిడ్ కట్టించిన ఒంటిగదుల్లో వారి పెద్దలు ‘అద్దెదారులు’గా నమోదై ఉండడమే ఆ హక్కుకు మూలం. అదే నేల మీద బహిరంగ మార్కెట్లో అమ్మడానికీ టవర్లు లేస్తాయి. వాటిలో సముద్రం కనిపించే ఫ్లాట్లలో కొన్ని కొద్దికాలపు నివాసులకే వెళ్తాయి. అక్కడ చేరేవారు సంతకం చేసేది మాత్రం లీవ్ అండ్ లైసెన్స్ పత్రం మీదే.