పెంటయ్య యను పేరు



చరిత్ర యనగా శిలాశాసనములును, రాజుల వంశావళులును మాత్రమే యని పెక్కుర తలంపు. శాసనము వేయించుకొనలేని పేదసాదలు తమ దుఃఖమును వ్రాసి పెట్టిన చోటొకటి కలదు. అది వారి బిడ్డల పేరు.

నేను యాదగిరిగుట్ట పరిసరముల బడిపంతులుగా నున్న దినములలో నొక తప్పు చేసితిని. పెంటయ్య యను పేరుగల బాలుని తోటిపిల్లలు పరిహసించుచుండిరి. నేను జాలిపడి, హాజరుపట్టీలో వానికొక చక్కని సంస్కృతనామము వ్రాసితిని. మఱునాడు వాని తల్లి వచ్చెను. ఆమె మాటలనే చెప్పుచున్నాను: "పంతులయ్యా, వీనికంటె ముందు ఇద్దరు పోయిండ్రు. ఈ పేరు పెట్టినంకనే వీడు బతికిండు. పేరు తియ్యకుండ్రి." సిగ్గుపడి పాతపేరునే మఱల వ్రాసితిని. కావ్యములు చదివిన నాకు ఆ పేరున కర్థము నాడు తెలిసినది.

వరుసగా బిడ్డలు పోయిన యింట మఱల శిశువు పుట్టినచో, దానిని పెంటకుప్పపై నొక్క క్షణముంచి, తిరిగి యెత్తుకొని, పెంటయ్య యనియో పెంటమ్మ యనియో పేరిడు నాచారము మన పల్లెలలో నుండెను. ఎంగిలి విస్తరిలో పొర్లించిన బిడ్డ పుల్లయ్య. బిచ్చముగా దొరికినట్లు భావింపబడినవాడు భిక్షపతి. ఉత్తరాంధ్రమున తవుడునకు అమ్మి తిరిగి తీసికొన్నవాడు తవిటయ్య. పారవేసిన వస్తువును మృత్యువు కోరదని తల్లిదండ్రుల యాశ.

ఈ తలంపు పేదలకే గాని, మనకే గాని పరిమితము కాదు. జపాను దేశమును తన యేలుబడిలోనికి తెచ్చిన హిదెయొషి యను ప్రభువు తన కొడుకును 'సుతె', అనగా పారవేయబడినవాడు, అని పిలిచెను. ఆ శిశువు 1591లో మరణించెను. 1593లో మఱియొక కుమారుడు కలుగగా 'హిరోయి', అనగా ఏరి తెచ్చుకొన్నవాడు, అని పేరిడెను. ఈ రెండవవాడు బ్రతికి పెరిగెను. సేనలను గెలిచిన ప్రభువును పుత్రశోకమునందు మన పల్లెతల్లి వంటివాడే.

మన ప్రాంతమున మఱికొన్ని పేరులు కలవు: యాదగిరి, యాదమ్మ, నర్సయ్య, నర్సమ్మ. ఇవి గుట్టమీది స్వామికి మ్రొక్కి కన్న బిడ్డల పేరులు. నరసింహుడు పసివాడైన ప్రహ్లాదుని కొఱకు స్తంభమున వెలసిన దైవము. కడుపుకోత పడిన తల్లి ఆ మెట్లెక్కుటలో వింత యేమున్నది? 2022 మార్చి 28న పునర్నిర్మితమైన యాలయము తెఱువబడినది. రాతికట్టడము క్రొత్తది, మ్రొక్కు పాతదే.

బతుకమ్మ కథయు నిట్టిదే. ధర్మాంగదుడను రాజును, సత్యవతియు నూర్గురు కొడుకులను యుద్ధమున కోల్పోయి, అడవి చేరి లక్ష్మిని కొలువగా నొక యాడుశిశువు కలిగెననియు, బ్రతుకుమని దీవించి పెద్దలు ఆ పేరిడిరనియు ఐతిహ్యము. నేడు తెలంగాణమంతయు నాడు పూలపండుగకు అదియే పేరు.

ఈ పేరులు నేడేల తగ్గినవి? 1951 ప్రాంతమున మన దేశమున పుట్టిన వేయిమంది శిశువులలో సుమారు 146 మంది యేడాది నిండకమునుపే పోయిరి. 2020 నాటికి ఆ సంఖ్య 28కి దిగినది. ఎందఱో పసివారిని పొట్టనబెట్టుకొన్న మశూచికము టీకాల వలన లోకమునుండి తొలగినదని 1980లో ప్రకటింపబడెను. మ్రొక్కు ధైర్యమిచ్చెను, టీకా ప్రాణము కాచెను. ఈ రెంటికిని విరోధము లేదు. బిడ్డను చంకనెత్తుకొని గుట్ట యెక్కిన తల్లియే సూదిమందు వేయించుటకును క్యూలో నిలిచినది.

పెద్దలారా, మీ యింట పెంటయ్యయో, పుల్లమ్మయో యుండినచో, ఆ పేరునకు మనుమలు నవ్వకుండ చూడుడు. ఆ పేరునకు ముందు పోయిన బిడ్డ యెవరో వారికి చెప్పుడు. ఆ బిడ్డకు సమాధి లేదు, పటము లేదు. మిగిలిన గుర్తు తోబుట్టువు పేరొక్కటియే.