గని ఊరే గని వద్దంది

క్రీ.శ. 164లో మెమ్మియస్ అనే కూలీ ఒక బంగారు గనిలో పనికి కుదిరాడు. మే నెల నుంచి నవంబరు దాకా పని. కూలి 70 డెనారియస్ నాణేలు, పైన తిండి. గనిలోకి నీళ్లు చేరి పని ఆగితే ఆ మేరకు కూలి కోసుకోవచ్చని షరతు. అతనికి రాయడం రాదు, అతని మాటగా మరొకరు రాసిపెట్టారు. మైనం పూసిన చెక్కపలక మీద గీసిన ఆ ఒప్పందం దొరికింది రుమేనియాలో, ట్రాన్సిల్వేనియా ప్రాంతపు అపుసేని కొండల మధ్య ఉన్న రోషియా మోంటానా అనే ఊళ్లో. రోమన్లు దాన్ని అల్బర్నస్ మయోర్ అని పిలిచారు. 131 ఫిబ్రవరి 6 నాటి పలక మీద ఆ పేరు కనిపిస్తుంది. ఇంటి అమ్మకం, బానిస పిల్ల కొనుగోలు, అప్పు పత్రం వంటి మామూలు మనుషుల దస్తావేజులు 18, 19 శతాబ్దాల్లో ఆ పాత సొరంగాల్లోంచి బయటపడ్డాయి.

అంత పాత గని ఊరు, 2000 సంవత్సరంలో కొత్త గనికి అడ్డం తిరిగింది. బయటి నుంచి చూసినవాళ్లకు ఇది వింతగా తోచింది. ఊరి చరిత్ర తెలిస్తే అందులో వింతేమీ లేదు.

రోమన్ చక్రవర్తి ట్రాజన్ 106లో ఈ ప్రాంతం ఉన్న డేసియా రాజ్యాన్ని జయించాక డాల్మేషియా నుంచి గని పనివాళ్లను ఇక్కడికి రప్పించారు. వాళ్లు ఉలితో, సుత్తితో, నిప్పుతో తొలిచిన సొరంగాలు ఏడు కిలోమీటర్ల మేర నేటికీ ఉన్నాయి. తర్వాతి శతాబ్దాల్లో కుటుంబాలే గనులు నడిపాయి. కొండ మీద చెరువులు తవ్వి నీరు నిలబెట్టారు. ఆ నీటితో తిరిగే చెక్క రోకళ్ల కింద రాయిని పొడి కొట్టి, కడిగి బంగారం తీశారు. 1948లో కమ్యూనిస్టు ప్రభుత్వం గనులను స్వాధీనం చేసుకుంది. 1970ల్లో మొదలైన బహిరంగ తవ్వకం రోమన్ల నాటి గుట్టనే మింగేసింది. సొరంగం తవ్వడానికీ కొండను ఎత్తుకుపోవడానికీ తేడా ఏమిటో ఊరివాళ్లు కళ్లారా చూసింది అప్పుడే.

కెనడాకు చెందిన గాబ్రియేల్ రిసోర్సెస్ 1990ల చివర్లో వచ్చింది. రుమేనియా ప్రభుత్వానికి చిన్న వాటా ఇచ్చి, పెద్ద వాటా తన దగ్గరే పెట్టుకుంది. నాలుగు గుట్టలను తవ్వి సుమారు 300 టన్నుల బంగారం తీయాలన్నది పథకం. అయితే ఇక్కడ టన్ను రాయిలో ఉన్నది గ్రామున్నర బంగారమే. అంత పలుచని ఖనిజం లాభం ఇవ్వాలంటే కోట్ల టన్నుల రాయిని పిండి చేసి సైనైడు నీటిలో నానబెట్టాలి. అందుకు ఏడాదికి దాదాపు 12 వేల టన్నుల సైనైడు కావాలని లెక్క. మిగిలిన బురదను పక్కనే ఉన్న కోర్నా లోయలో, 185 మీటర్ల ఎత్తు కట్ట వెనక నింపాలి. ఆ లోయలోనూ ఒక ఊరుంది. వందల ఇళ్లు, చర్చిలు, సమాధులు కదలాలి.

కట్ట తెగితే ఏమవుతుందో ఎవరూ ఊహించుకోవలసిన అవసరం రాలేదు. 2000 జనవరి 30 రాత్రి, అదే దేశపు ఉత్తరాన బాయా మారేలో మరో బంగారు కంపెనీ కట్ట తెగింది. దాదాపు లక్ష ఘనపు మీటర్ల సైనైడు నీరు సోమెష్ నదిలోకి, అక్కడి నుంచి తీసాలోకి, డాన్యూబ్‌లోకి పారింది. ఒక్క హంగరీలోనే వెయ్యి టన్నులకు పైగా చేపలు చచ్చాయి.

ఆ ఏడాదే రోషియా మోంటానా, కోర్నా గ్రామాల రైతులు, ఇళ్లవాళ్లు కలిసి ఊరి పాత పేరుతోనే అల్బర్నస్ మయోర్ అనే సంఘం పెట్టుకున్నారు. వాళ్ల ఆయుధం ఒక్కటే: భూమి అమ్మం. కంపెనీకి నేలంతా కావాలి; మధ్యలో నాలుగు పొలాలు మిగిలినా గని కదలదు. పురావస్తు అనుమతుల మీద, పర్యావరణ పత్రాల మీద కేసులు వేశారు, కొన్ని గెలిచారు. వారితో కలిసి పనిచేసిన స్టెఫనీ రోత్‌కు 2005లో గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి వచ్చింది.

ఊరంతా ఒక్కమాట మీద లేదన్నది కూడా నిజం. ప్రభుత్వ గని 2006లో మూతపడ్డాక ఉద్యోగాలు పోయాయి. చాలామంది ఇళ్లు కంపెనీకి అమ్మి, ఆల్బా యూలియా పట్నంలో కంపెనీ కట్టించిన కాలనీకి వెళ్లారు. 2012 డిసెంబరులో ఆల్బా జిల్లాలో జరిగిన ప్రజాభిప్రాయ ఓటింగులో పోలైన ఓట్లలో 62 శాతం గని వైపే పడ్డాయి. సగం మంది కూడా రాకపోవడంతో అది చెల్లలేదు. గని కావాలన్నవాళ్లను దుర్మార్గులనడం అన్యాయం. వాళ్ల ముందు మరో బతుకుదెరువును ఎవరూ పెట్టలేదు.

2013 ఆగస్టులో ప్రధాని విక్టర్ పోంటా ప్రభుత్వం ఈ ఒక్క గని కోసం ప్రత్యేక బిల్లు తెచ్చింది. భూసేకరణ అధికారం కంపెనీ చేతికి, అనుమతులకు అధికారులపై గడువు. అప్పటిదాకా కొండ ఊరి తగాదాగా ఉన్నది దేశం సంగతైపోయింది. సెప్టెంబరు 1 నుంచి బుకారెస్ట్, క్లూజ్ వీధుల్లోకి వేలమంది వచ్చారు. ఖాళీ నీళ్లసీసాలను రోడ్డుకేసి కొడుతూ ఆదివారం తర్వాత ఆదివారం నడిచారు. నవంబరులో సెనేట్, 2014 జూన్‌లో దిగువ సభ బిల్లును తిప్పికొట్టాయి.

కంపెనీ 2015లో వాషింగ్టన్‌లోని పెట్టుబడి వివాదాల ట్రైబ్యునల్‌కు వెళ్లి వందల కోట్ల డాలర్ల నష్టపరిహారం అడిగింది. తవ్వని గనికి జనం పన్నుల సొమ్ముతో లాభం చెల్లించమనడమే అది. 2021 జులైలో యునెస్కో ఈ ఊరిని ప్రపంచ వారసత్వ జాబితాలోనూ, దాంతోపాటే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోనూ చేర్చింది. 2024 మార్చి 8న ట్రైబ్యునల్ దావాను కొట్టేసి, రుమేనియాకు ఖర్చులు కంపెనీయే చెల్లించాలంది.

కొండ నిలిచింది. కంపెనీ కొన్న ఇళ్లలో చాలావాటికి మాత్రం మనుషులు తిరిగి రాలేదు. వాళ్లు రావాలంటే ఊరికి పని కావాలి, ఆ పని చూపించాల్సిన బాధ్యత రుమేనియా ప్రభుత్వానిదే.